టూకెర్రెస్‌ కొండ, టుమాకో తీరం: ఒకే బాక్టీరియా, 25 రెట్ల తేడా

కొలంబియాలో నరీన్యో అని ఒక రాష్ట్రం ఉంది. పసిఫిక్ తీరాన టుమాకో రేవు, అక్కడికి ఓ 200 కిలోమీటర్ల దూరంలో ఆండీస్ కొండల మీద టూకెర్రెస్ ఊరు. రెండు చోట్లా పెద్దవాళ్లలో ఇంచుమించు పదింట తొమ్మిదిమంది కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉంటుంది. కానీ కడుపు క్యాన్సర్ మాత్రం తీరంలో కంటే కొండ మీద దాదాపు 25 రెట్లు ఎక్కువ.

ఈ ప్రాంతపు రోగుల కడుపు ముక్కల్ని ఏళ్ల తరబడి మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన పాథాలజిస్ట్ పెలాయో కొరియా. ఈ క్యాన్సర్ మెట్టు మెట్టుగా వస్తుందని ఆయన బృందం 1975లోనే ప్రతిపాదించింది. అప్పటికి ఈ బాక్టీరియా సంగతి ఎవరికీ తెలియదు. వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు ఆస్ట్రేలియాలో దాన్ని పట్టుకున్నది 1980ల మొదట్లో. నేరస్థుడు దొరక్కముందే నేరం జరిగిన తీరు రాసిపెట్టారన్నమాట!

మొదటి మెట్టు వాపు. బాక్టీరియా తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని యాసిడ్ నుంచి తప్పించుకుంటుంది. దాన్ని తరమడానికి తెల్లకణాలు వస్తాయి, కానీ అది పోదు. ఏళ్ల తరబడి సాగే ఈ పోరులో దెబ్బతినేది కడుపు లోపొరే. యాసిడ్ తయారుచేసే గ్రంథులు క్షీణిస్తాయి. వాటి స్థానంలో, విచిత్రంగా, పేగులో ఉండాల్సిన కణాలు మొలుస్తాయి. జిగురు నింపుకుని ఉబ్బిన ఆ కణాలు బయాప్సీలో, అంటే పరీక్షకు తీసిన కడుపు ముక్కలో, స్పష్టంగా కనిపిస్తాయి. కణాల విభజన అదుపు తప్పడం ఆ తర్వాతి మెట్టు. అది కూడా దాటితే క్యాన్సర్.

చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. 2001లో వెలువడిన ఒక జపాన్ అధ్యయనంలో బాక్టీరియా ఉన్న 1246 మందిని సగటున 8 ఏళ్లపాటు గమనిస్తే 36 మందికి క్యాన్సర్ వచ్చింది. బాక్టీరియా లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. వాపుకి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఇంత పెద్ద వాటా వేటికీ లేదు.

మరి కొండ మీద ఎందుకంత ఎక్కువ? తీరవాసుల్లో ఎక్కువమంది ఆఫ్రికా మూలాలవారు, వాళ్ల బాక్టీరియాలోనూ ఆఫ్రికా వంశమే ఎక్కువ. వేల ఏళ్లుగా ఒకరికొకరు అలవాటుపడ్డవాళ్లు. కొండవాసులు ప్రధానంగా అమెరికా ఆదివాసుల సంతతి. వాళ్ల కడుపులో ఉన్నది చాలావరకు యూరప్ నుంచి వచ్చిన రకం. ఈ పొత్తు కుదరకపోవడమే ముఖ్య కారణమని 2014లో ఒక పరిశోధన తేల్చింది. నాకైతే అన్నిటికన్నా నమ్మకంగా అనిపించే వివరణ ఇదే. తిండీ కొంత కారణమే. మనం కారాన్ని తిడతాం గానీ, ఈ విషయంలో పరిశోధకులు ఎక్కువగా వేలెత్తి చూపేది ఉప్పును.

మంటగా ఉందని మందుల షాపులో గ్యాస్ మాత్ర కొని పరగడుపున వేసుకుంటే యాసిడ్ తగ్గుతుంది, బాక్టీరియా మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని చంపేది డాక్టరు రాసే యాంటీబయాటిక్స్ కోర్సు, మామూలుగా రెండు వారాలు. పైగా గ్యాస్ మాత్రల్లో కొన్ని వాడుతుండగా, ఈ బాక్టీరియాను కనిపెట్టే శ్వాస పరీక్ష చేస్తే బాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. అందుకే డాక్టర్లు పరీక్షకు రెండు వారాల ముందే వాటిని ఆపమంటారు.