డబ్‌స్టెప్ బేస్: స్వరం ఒకటే, కదిలేది నోరు

‘ఊ’ అని రాగం తీయండి. శ్రుతి మార్చకుండా మెల్లగా ‘ఆ’ దాకా నోరు తెరిచి, మళ్లీ ‘ఊ’కి మూయండి. స్వరం ఉన్నచోటే ఉంది, కదిలింది నోరు. డబ్‌స్టెప్‌లో ‘వవ్ వవ్’మనే బేస్ కిటుకు ఇదే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో దక్షిణ లండన్‌లో, ముఖ్యంగా క్రాయిడన్‌లో రూపుదిద్దుకున్న ఈ సంగీతం 140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు) దగ్గర నడుస్తుంది. స్నేర్ డ్రమ్ దెబ్బ మూడో బీట్ మీదే పడడం వల్ల చెవికి అందులో సగం వేగంగా తోస్తుంది. మధ్యలో మిగిలే ఖాళీ అంతా బేస్‌దే.

సాఫ్ట్‌వేర్‌లో గొంతు ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించేది), నోరు లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను కోసేది). సీరమ్, మాసివ్, వైటల్ లాంటి సింథసైజర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా పనికొస్తుంది. వైటల్‌కు ఉచిత వెర్షన్ ఉంది. ఆసిలేటర్‌లో సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) పెట్టండి. హార్మోనిక్స్ (మూల స్వరానికి పూర్ణాంక రెట్ల ఫ్రీక్వెన్సీలు) అన్నీ దాంట్లో ఉంటాయి, ఫిల్టర్ కోయడానికి సరుకు దొరుకుతుంది. హార్మోనిక్స్ లేని సైన్ వేవ్ మీద ఫిల్టర్ ఎంత తిప్పినా శబ్దం తగ్గుతుందే తప్ప ‘వవ్’ రాదు. ఫిల్టర్ 24 డెసిబెల్స్ రకం, కటాఫ్ (కోత మొదలయ్యే చోటు) 150 హెర్ట్జ్, రెసొనెన్స్ (ఆ చోటు దగ్గర శబ్దం ఉబ్బు) పావు వంతు. ఎల్ఎఫ్ఓను (విలువను పైకీ కిందికీ ఊపే మెల్లని ఆసిలేటర్) కటాఫ్‌కు తగిలించి, పై అంచు 2,000 హెర్ట్జ్ దాకా వెళ్లేలా చూడండి. దాని వేగాన్ని టెంపోకు సింక్ చేయాలి: 140 దగ్గర 1/8 నోటుకో ఊపు అంటే సెకనుకు 4.67 ఊపులు, 1/8 ట్రిప్లెట్ (రెండు నోట్ల చోట మూడు) అయితే 7, 1/16 అయితే 9.33. నాలుగు బార్లూ ఒకే వేగమైతే ఫ్యాన్ తిరిగినట్టుంటుంది. నోటు నోటుకూ వేగం మార్చండి. ఎల్ఎఫ్ఓ ప్రతి నోటుకూ మొదటి నుంచి మొదలయ్యేలా ట్రిగర్ మోడ్‌లో ఉంచకపోతే, అదే పాట వాయించిన ప్రతిసారీ వేరేగా వినిపిస్తుంది.

ఎక్కువ మంది చెడగొట్టుకునేది అడుగు భాగాన్ని. లావుగా వినిపించాలని యూనిసన్‌ను, అంటే ఒకే నోటును కలిసి పలికే వాయిస్‌లను, ఏడుకు పెంచి డీట్యూన్ చేస్తారు (ఒక్కోదాని శ్రుతిని కాస్త తప్పిస్తారు). 43.65 హెర్ట్జ్ ఎఫ్ నోటుకు పక్కన 44.15 హెర్ట్జ్ తరంగం చేరితే, ప్రతి రెండు సెకన్లకోసారి అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బేస్ ఉన్నట్టుండి మాయమవుతుంది. అందుకే సబ్ (అన్నిటికన్నా అడుగున ఉండే బేస్) వేరే ట్రాక్‌లో ఉండాలి: ఒక్క సైన్ వేవ్, ఒక్క వాయిస్, మోనో. అటాక్ (శబ్దం పూర్తి స్థాయికి చేరే సమయం) 5 మిల్లీసెకన్లు ఉంటే మొదట్లో ‘టిక్’ రాదు. ‘వవ్’ శబ్దం ఉండే మిడ్ ట్రాక్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని హై-పాస్ ఫిల్టర్‌తో కోసేయండి. యూనిసన్, కోరస్, స్టీరియో వేషాలన్నీ దాని మీదే. ఫోన్ స్పీకర్ 44 హెర్ట్జ్ పలకలేదు గానీ, 131, 175, 218 హెర్ట్జ్ దగ్గరి హార్మోనిక్స్ వినిపిస్తే మెదడు అడుగు స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. మిడ్ ట్రాక్ కోత తర్వాత కూడా ఇవి మిగలాలి.

గుర్రుమనే ధ్వనికి డిస్టార్షన్‌ను (తరంగాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) ఫిల్టర్ తర్వాత పెట్టండి. కటాఫ్ తెరుచుకున్నకొద్దీ అది కొత్త హార్మోనిక్స్ పుట్టిస్తుంది. ముందు పెడితే ఫిల్టరే ఆ గరుకును నునుపు చేస్తుంది. మాట్లాడుతున్నట్టు ఉండాలంటే రెండు బ్యాండ్-పాస్ ఫిల్టర్లు (ఒక్కో ఫ్రీక్వెన్సీ పట్టీని మాత్రమే పోనిచ్చేవి) కావాలి: ‘ఆ’కు సుమారు 700, 1,200 హెర్ట్జ్, ‘ఈ’కి సుమారు 300, 2,300. రెండింటినీ ఒకే ఎల్ఎఫ్ఓతో నడపండి.

ఇంకో దారి ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) సింథసిస్. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఈ పద్ధతిలో ఒక ఆసిలేటర్ ఇంకోదాని ఫ్రీక్వెన్సీని ఊపుతుంది. నిష్పత్తి 1:1, 1:2 లాంటి పూర్ణాంకాల్లో ఉంటే శ్రుతి నిలుస్తుంది, 1:1.37 పెడితే గంట మోగినట్టే. మోతాదు మితిమీరితే, 44,100 హెర్ట్జ్ శాంపిల్ రేటులో సగమైన 22,050 హెర్ట్జ్ దాటిన హార్మోనిక్స్ వెనక్కి మడతపడి కీచుమంటాయి. ఓవర్‌శాంప్లింగ్ (లోపల శాంపిల్ రేటు పెంచి లెక్కించడం) నాలుగు రెట్లు పెడితే చాలావరకు పోతుంది.

నచ్చిన మిడ్ శబ్దాన్ని ఆడియోగా రెండర్ చేసి ముక్కలు కోయండి, తిరగేయండి, మళ్లీ ఫిల్టర్‌లో పెట్టండి. కోసిన ప్రతి చోటా 3 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. సబ్‌ను మాత్రం కోతకు దించకండి. 44 హెర్ట్జ్ తరంగం ఒక్క చుట్టు తిరగడానికే 23 మిల్లీసెకన్లు పడుతుంది. 50 మిల్లీసెకన్ల ముక్కలో రెండు చుట్లే పడతాయి, అది ఏ స్వరమో చెవికి అందదు.