ఆరోగ్యశ్రీ మళ్లీ బీమా దారిలో: దీని వెనక పద్దెనిమిదేళ్ల కథ

2025 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ కొత్త ఆరోగ్య విధానానికి ఓకే చెప్పింది. దాని ప్రకారం రాష్ట్రంలోని కుటుంబాలన్నిటికీ ఏడాదికి 2.5 లక్షల రూపాయల వరకు వైద్యం ఖర్చు బీమా కంపెనీ చూసుకుంటుంది, పేద కుటుంబాలకు ఖర్చు అది దాటితే 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తుంది. అందరూ 25 లక్షల గురించే మాట్లాడుకున్నారు. కానీ పట్టించుకోవాల్సింది బీమా కంపెనీ రావడం గురించి. ఎందుకంటే పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దీని పేరే ఎన్టీఆర్ వైద్య సేవ) మొదలైందే బీమా కంపెనీతో, తర్వాత కావాలనే దాన్ని పక్కన పెట్టారు, ఇప్పుడు మళ్లీ పిలుస్తున్నారు.

2007కి ముందు పేదింట్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ అవసరమైతే పెద్ద దిక్కు ముఖ్యమంత్రి సహాయ నిధి. ఆస్పత్రిలో ఎస్టిమేట్ రాయించుకుని, రేషన్ కార్డు జిరాక్సు జత చేసి, ఎమ్మెల్యే దగ్గర లెటర్ తీసుకుని, సచివాలయం చుట్టూ తిరగాలి. అన్నీ కలిసొస్తే కొంత సొమ్ము మంజూరయ్యేది, మిగతాది పొలం కుదవబెట్టో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చో సర్దుకునేవాళ్లు. ఎమ్మెల్యే ఇంటి గుమ్మం తెలియనివాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర రెడ్డి హయాంలో పిల్లల గుండె ఆపరేషన్లకు ఈ నిధి నుంచే పెద్ద ఎత్తున డబ్బు ఇచ్చారు. ఆ అర్జీలు వచ్చి పడుతుంటేనే, ఒక్కొక్కరికీ విడిగా సాయం చేస్తే ఇది తెగేది కాదని సర్కారుకు అర్థమైంది.

అలా 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన మరో 50 వేలు. ప్రీమియం ప్రభుత్వం కట్టింది, బీమా బాధ్యత స్టార్ హెల్త్ కంపెనీ తీసుకుంది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వచ్చేసింది. కార్పొరేట్ ఆస్పత్రి గేటు దాటడానికే జంకే మనిషికి లోపల ఆరోగ్యమిత్ర అనే మనిషి కౌంటర్ దగ్గర కూర్చుని కనిపించడం మామూలు మార్పు కాదు. కార్డు చూసి, వివరాలు కంప్యూటర్లో ఎక్కించి, అప్రూవల్ వచ్చేదాకా వెంట ఉండటం ఆ మిత్ర పని. ఒక్కో చికిత్సకు ముందే రేటు ఖాయం చేసిన ప్యాకేజీలో ఆపరేషన్‌తో పాటు టెస్టులు, తిండి, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, ఇంటికెళ్లే చార్జీలు కూడా ఉన్నాయి. రాసినవాళ్లెవరో గానీ పేదవాడి ఖర్చు ఎక్కడెక్కడ తేలుతుందో తెలిసి రాశారు.

బీమా ఎందుకు పోయిందంటే, ప్రీమియంలో మిగిలింది కంపెనీ లాభం కాబట్టి క్లెయిమ్ తగ్గించడానికే దానికి మనసొప్పుతుంది. మధ్యలో కంపెనీ దేనికి, ప్రభుత్వమే పెట్టిన ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టే నేరుగా ఆస్పత్రులకు కడితే పోలేదా అన్న ఆలోచన బలపడింది. 2008లో కొత్తగా చేర్చిన చికిత్సలను నేరుగా ట్రస్టుకే ఇచ్చారు, తర్వాత మిగతావీ దాని కిందికే వచ్చాయి. ట్రస్టుకు లాభాల ఆశ లేదు, నిజమే. కానీ దాని డబ్బు ఆర్థిక శాఖ విడుదల చేస్తేనే వస్తుంది, కష్టమంతా అక్కడ మొదలైంది.

ఈలోగా ఇంకో గొడవ. ప్యాకేజీ ఉంది కదా అని అవసరం లేకుండా గర్భసంచి తీసేస్తున్నారని ఆరోపణలు వెల్లువెత్తాయి, అందులో చిన్న వయసు ఆడవాళ్లు కూడా ఉన్నారు. చివరికి కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఉచితం అంటే రోగికి ఏ ఖర్చూ లేదని కాదు, ఆ ఆడవాళ్లు చెల్లించింది ఒంటితో.

రాష్ట్రం విడిపోయాక రెండు వైపులా పరిమితి పెంచడం మీదే దృష్టి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారి 2.5 లక్షలైంది, తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయి ఏటా 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లందరికీ వర్తించింది, 2023 డిసెంబర్‌లో పరిమితి 25 లక్షలకు చేరింది, 2024లో మళ్లీ పాత పేరొచ్చింది. తెలంగాణ 2021లో కేంద్రం ఆరోగ్య పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలు చేసింది. అంకెలు పెరిగినంత వేగంగా ఆస్పత్రుల ప్యాకేజీ రేట్లు పెరగలేదు, బిల్లులూ సమయానికి రాలేదు. బకాయిల కోసం తెలంగాణలో 2019లోనూ 2025లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2024లోనూ 2025 అక్టోబర్‌లోనూ ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. సమ్మె లేని రోజుల్లో కూడా బకాయి ప్రభావం రోగి మీదే. "బెడ్లు లేవండి, వచ్చే వారం రండి" అంటారు, లేదంటే "ఈ స్కాన్ బయట చేయించుకురండి, ఇది ప్యాకేజీలో రాదు" అంటారు. అది ప్యాకేజీలో వస్తుందో లేదో పేషెంటు తరఫు మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ టెన్షన్‌లో అడిగినంతా కట్టేస్తారు.

ఇక ఓపీ ఖర్చు, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని మందులు కొనుక్కునే ఖర్చు. షుగర్, బీపీ మందులు నెలనెలా కొనేవాళ్లకు ఈ లక్షల పరిమితి ఏ మాత్రం ఆదుకోదు, ఎందుకంటే పథకం ప్రధానంగా అడ్మిషన్ ఉన్న చికిత్సల కోసమే. మన దేశంలో జనం సొంత జేబు నుంచి పెట్టే వైద్యం ఖర్చులో ఎక్కువ భాగం పోయేది మందులకే.

ఇప్పుడు బీమా కంపెనీ మళ్లీ వస్తే బిల్లులు త్వరగా తేలతాయని ప్రభుత్వం ఆశ. తేలొచ్చు. ప్రీమియం ముందే కట్టేస్తారు కాబట్టి ఆస్పత్రులకు కొంత ధైర్యం రావచ్చు కూడా. అయితే 2.5 లక్షల లోపు కేసులే ఎక్కువ ఉంటాయి కనుక, అప్రూవల్ ఇవ్వాలా వద్దా అన్న మాట చాలామంది రోగుల విషయంలో కంపెనీదే అవుతుంది. అది కాదంటే ఎవరికి మొరపెట్టుకోవాలి, ఎన్ని గంటల్లో జవాబు రావాలి, ప్యాకేజీ రేట్లు ఎన్నేళ్లకోసారి సవరిస్తారు, ప్రీమియం కట్టడం ఆలస్యమైతే ఆస్పత్రిలో ఉన్న రోగి సంగతేమిటి అన్నవి కంపెనీతో కుదుర్చుకునే ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి, ఆ ఒప్పందం తెలుగులో ప్రతి ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరా గోడ మీద అంటించాలి.