ట్రయల్స్ సైకిల్ ఫ్రేమ్: బరువు ఎక్కడ తీయాలి, ఎక్కడ ఉంచాలి

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో 1970లలో మోటారు సైకిల్ ట్రయల్స్ నుంచి పుట్టిన సైకిల్ ట్రయల్స్‌లో వేగానికి విలువ లేదు; కాలు నేలకు ఆనించకుండా బండలు, గోడలు, దుంగలు ఎక్కి దిగడమే ఆ విద్య. 2009లో స్కాట్లాండ్‌కు చెందిన డానీ మెకాస్కిల్ ఎడిన్‌బరో వీధుల్లో చేసిన విన్యాసాల వీడియో ప్రపంచమంతా తిరిగాక, ఆ విద్యలోని వీధి రూపం ఎంతోమందికి తెలిసింది. తిరుపతి కుర్రవాళ్ళు ఈ సాధన మొదలుపెడితే వారికి ఎదురయ్యేది సిమెంటు డివైడర్లు, ప్రహరీ గోడలు, చిత్తూరు ప్రాంతపు గ్రానైటు దిమ్మెలు. పసుపు కుంకుమలతో మెట్టుమెట్టుకూ పూజ జరిగే అలిపిరి, శ్రీవారి మెట్టు దారులు భక్తుల పాదాలకే చెందినవి కనుక, వాటిని ఈ లెక్కలో చేర్చకూడదు. గ్రానైటు అంచు ఏమాత్రం లొంగదు కాబట్టి, లొంగవలసిన బాధ్యత అంతా మనిషి మోకాళ్ళ మీద, టైర్ల మీద, ఫ్రేమ్ మీద పడుతుంది.

ఆ బాధ్యత ఎంతో లెక్క వేయవచ్చు. రైడరు, సైకిలు కలిపి 80 కిలోలనుకుందాం. మీటరు ఎత్తు గోడ నుంచి దూకితే నేలను తాకే క్షణానికి వేగం సెకనుకు సుమారు 4.4 మీటర్లు ఉంటుంది. మోకాళ్ళు, మోచేతులు వంచి అర మీటరు దూరంలో ఆ వేగాన్ని ఆపుకోగలిగితే పడే సగటు బలం మొత్తం బరువుకు మూడు రెట్లు, అంటే 240 కిలోల బరువుతో సమానం. ఒళ్ళు బిగబట్టి 10 సెంటీమీటర్లలోనే ఆగితే అది పదకొండు రెట్లు, అంటే 880 కిలోలు అవుతుంది. ఇది సగటు మాత్రమే. గరిష్ఠం ఇంకా ఎక్కువ. అందువల్ల ఫ్రేమ్‌ను నేర్పరి కోసం కాకుండా, అలసిపోయి కాళ్ళు వంచడం మరిచిన రైడరు కోసం రూపొందించడమే న్యాయమని నా అభిప్రాయం.

పైకి కనబడని మరో బలం గొలుసుది. ట్రయల్స్‌లో ముందు పళ్ళ చక్రం చాలా చిన్నది, తరచుగా 18 పళ్ళదే. దాని వ్యాసార్ధం దాదాపు 36 మిల్లీమీటర్లు. 175 మిల్లీమీటర్ల క్రాంక్ (పెడల్‌ను మోసే చేయి) చివర 75 కిలోల మనిషి పూర్తి బరువుతో నిలబడితే గొలుసులో లాగుడు సుమారు 360 కిలోలకు చేరుతుంది. వెనక చక్రం మీద నిలబడి ఒక్క ఊపున ముందుకు ఎగిరినప్పుడు ఇంకా పెరుగుతుంది. ఈ లాగుడంతా ఎక్కువగా కుడివైపు చైన్ స్టే, అంటే పెడళ్ళ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకు పోయే గొట్టం, భరించాలి. ట్రయల్స్ ఫ్రేముల్లో చైన్ స్టేలు చాలా పొట్టిగా, 350 నుంచి 380 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండటం ముందు చక్రం తేలికగా లేవడానికే అయినా, పొట్టి గొట్టం తక్కువ వంగుతుంది కనుక ఇక్కడ రూపకర్తకు బరువు పెంచకుండానే దృఢత్వం దొరుకుతుంది.

ఇక లోహం సంగతి. అల్యూమినియం అంటే తేలిక, ఉక్కు అంటే బరువు అని మనవాళ్ళు తేల్చేస్తారు గానీ, లెక్క అంత సూటిగా లేదు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, అల్యూమినియానిది 2.7, వంగకుండా నిలిచే గుణాన్ని చెప్పే యంగ్ గుణకం ఉక్కుకు దాదాపు 205 గిగాపాస్కల్‌లు, అల్యూమినియానికి 69. అంటే బరువు ఎంత తగ్గిందో దృఢత్వమూ దాదాపు అంతే తగ్గింది. అసలు లాభం గొట్టం ఆకారంలో ఉంది. బరువు మారకుండా గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేసి గోడ మందాన్ని సగానికి తగ్గిస్తే, వంపును ఎదిరించే దృఢత్వం నాలుగు రెట్లు, బలం సుమారు రెండు రెట్లు పెరుగుతాయి. అల్యూమినియం ఫ్రేముల గొట్టాలు లావుగా కనిపించడానికి కారణం ఇదే. అయితే ఈ దారిలో ఎంత దూరమైనా పోవడానికి లేదు: వ్యాసంతో పోలిస్తే గోడ మరీ పలచబడితే గొట్టం మొత్తంగా బలంగానే ఉన్నా ఒక చోట సొట్టపడి అక్కడే ముడుచుకుపోతుంది. గ్రానైటు అంచుకు ఫ్రేమ్ తగలడం మామూలైన వీధి సాధనలో ఇది చిన్న విషయం కాదు.

మరి గొట్టంలో బరువు ఎక్కడ తీయాలన్న ప్రశ్నకు జవాబు 19వ శతాబ్దంలోనే దొరికింది. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో పేటెంటు పొందిన బటెడ్ గొట్టంలో బయటి వ్యాసం అంతటా ఒకటే. గోడ మాత్రం రెండు చివరల్లో మందంగా, నడుమ పలచగా ఉంటుంది. వంపు ఒత్తిడి, వెల్డింగ్ వేడి రెండూ అతుకుల దగ్గరే ఎక్కువ కనుక లోహం కూడా అక్కడే ఉండాలి. బరువు తీయవలసింది నడుమ నుంచి. అతుకు దగ్గర గీకిన ప్రతి గ్రామూ అప్పే.

ఫ్రేమ్ సాధారణంగా ఒక్క పెద్ద దెబ్బకు విరగదు, లోహపు అలసటతో విరుగుతుంది. జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాల్లో రైలు ఇరుసులను పరీక్షించి, ఒక్కసారి పడితే ఏమీ చేయలేని బరువు కూడా లక్షల సార్లు పడితే ఇరుసును విరిచేస్తుందని నిరూపించాడు. రైల్వే క్యారేజీ రిపేర్ షాపు ఉన్న తిరుపతిలో ఈ సంగతి చాలా ఇళ్ళలో వృత్తిగానే తెలిసినది. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఒత్తిడి ఆ హద్దుకు దిగువన ఉన్నంతకాలం ఎన్నిసార్లు పడినా ఆచరణలో నష్టం లేదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, చిన్న గెంతు కూడా ఖాతాలో చేరుతుంది. పైగా 6061 రకం అల్యూమినియాన్ని అతికినప్పుడు అతుకు పక్క లోహం మెత్తబడిపోతుంది. బలం తిరిగి రావాలంటే మొత్తం ఫ్రేమ్‌ను 530 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాచి, వెంటనే చల్లార్చి, ఆ తర్వాత 175 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి.

అన్నిటికంటే దగ్గరగా చూడవలసిన చోటు హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం), డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ళ వైపు దిగే గొట్టం) కలిసే అతుకు అడుగు భాగం. ముందు చక్రం గోడను ఢీకొంటే దాన్ని పట్టుకున్న ఫోర్క్ వెనక్కి నెట్టబడి డౌన్ ట్యూబ్ ఒత్తుకుంటుంది. పై నుంచి దిగితే ఫోర్క్ ముందుకు వంగాలని చూస్తుంది, అదే గొట్టం సాగుతుంది. ఇలా ఒత్తుడు, సాగుడు మారిమారి పడే చోటే పగులు మొదలవుతుంది. అందుకే అక్కడ గసెట్ అనే రేకు ముక్కను అతుకుతారు. అయితే గసెట్ పగులును ఆపదు, చాలాసార్లు దాని చోటు మారుస్తుంది: రేకు హఠాత్తుగా ముగిసే చోట ఒత్తిడి పోగుపడి, గసెట్ మొన దగ్గరే కొత్త బీట పుడుతుంది. మొనను సన్నగా కోసి, గొట్టం మీద అడ్డంగా వెల్డ్ గీత పడకుండా, పక్కల మాత్రమే అతికితే బలం క్రమంగా బదిలీ అవుతుంది.

పోటీ ఫ్రేముల్లో ఎక్కువభాగం అల్యూమినియంవే, పోటీదారులకు అది సరైన ఎంపికే. 8 కిలోల చుట్టుపక్కల తూగే సైకిలు వారికి అవసరం, ఫ్రేమ్‌ను కొంతకాలానికి మార్చడం వారికి ఆనవాయితీ. తిరుపతి వీధుల్లో ఏళ్ళ తరబడి ఒకే ఫ్రేమ్‌తో సాధన చేసేవారికి మాత్రం నేను 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కునే చెబుతాను. పలచని బటెడ్ గొట్టాలతో చేసినా అది కొన్ని వందల గ్రాములు ఎక్కువే తూగవచ్చు, కానీ మన దగ్గర ఆర్గాన్ వెల్డింగ్ అని పిలిచే పద్ధతిలో చేయి తిరిగిన పనివాడు దాన్ని అతికితే తర్వాత కొలిమిలో కాచే పని ఉండదు. గేట్లు, గ్రిల్స్ చేసే రాడ్డు వెల్డింగ్‌తో మాత్రం ఆ పని చేయించకూడదు. మిల్లీమీటరు కూడా లేని గోడకు అది చిల్లు పెడుతుంది.

నెలకోసారి ఫ్రేమ్‌ను తుడిచి, ఏటవాలుగా టార్చి వేసి అతుకుల అంచులను చూడాలి. రంగు మీద వెంట్రుకంత గీత, దాని వెంట సన్నని తుప్పు చార కనిపిస్తే అక్కడ రంగు గీకి, డై పెనెట్రెంట్ అనే, పగుళ్ళలోకి ఇంకే ఎర్ర ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల డెవలపర్ చల్లితే, పగులుంటే ఎర్ర గీత పైకి తేలుతుంది. చైన్ స్టే మీద పగులైతే దాన్ని మొదలంటా గ్రైండ్ చేసి తీసి మళ్ళీ అతికించవచ్చు. హెడ్ ట్యూబ్ దగ్గరిదైతే ఆ ఫ్రేమ్‌ను ఇక ఎక్కకూడదు.