పేరుకే పబ్లిక్ హౌస్

2023 ఆగస్టు 5 రాత్రి ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో, హిమ్లీ అనే ఊరి దగ్గర ఒక పాత పబ్బు తగలబడింది. రెండు రోజులు తిరక్కుండానే పొక్లెయిన్ వచ్చి, మిగిలిన గోడల్ని కూడా నేలమట్టం చేసింది. ఆ పబ్బు పేరు క్రూకెడ్ హౌస్, వంకర ఇల్లు. 1765లో రైతు ఇల్లుగా కట్టారు. కింద బొగ్గు గనులు తవ్వడంతో నేల కుంగి ఒక పక్క నాలుగడుగుల మేర దిగబడింది. లోపల గోళీ పెడితే ఏటవాలు మీద పైకి ఎక్కుతున్నట్టు కనిపించేది. ఆ వింత చూడ్డానికే జనం పిల్లల్ని వెంటేసుకొని వెళ్ళేవారు. పోలీసులు ఇది ఎవరో పెట్టిన నిప్పేనని దర్యాప్తు మొదలుపెట్టారు. మంటలకు కొద్ది రోజుల ముందే మార్‌స్టన్స్ అనే కంపెనీ ఆ పబ్బును అమ్మేసింది.

బ్రిటన్‌లో పబ్బులు మూతపడటం కొత్త సంగతేం కాదు. 2000లో 60 వేలకు పైగా ఉన్నవి ఇప్పుడు 45 వేల చుట్టుపక్కలకు వచ్చాయి. కారణాలు చెప్పమంటే ఎవరైనా చెబుతారు: పొగతాగడం మీద నిషేధం, సూపర్‌మార్కెట్లో చవక బీరు, తాగుడు తగ్గించిన కుర్రకారు, కరోనా, పెరిగిన కరెంటు బిల్లు. అన్నీ నిజమే. కానీ హిమ్లీలో కాలిపోయిన ఇంటి చుట్టూ రేగిన ప్రశ్న వేరు. ఊరంతా తమదనుకున్న ఇంటిని అమ్మిందెవరు, కూల్చే హక్కు ఎవరిది? పబ్ అంటే పబ్లిక్ హౌస్. జనం ఇల్లు. మరి దాని దస్తావేజు ఎవరి పేరున ఉంది?

మన దగ్గర పబ్ అనగానే జూబ్లీహిల్స్, డీజే, గుమ్మం దగ్గర బౌన్సర్లు, ఎంట్రీ ఛార్జీ గుర్తొస్తాయి. ఇంగ్లండ్ పబ్బుకు దానితో పేరులో తప్ప పోలిక లేదు. మన కల్లు కాంపౌండును, ఊరి రచ్చబండను కలిపి, వానకు తడవకుండా పైకప్పు వేసి, చలికి ఓ మూల నిప్పు రాజేస్తే దానికి కాస్త దగ్గరగా వస్తుంది. డార్ట్స్ విసురుకుంటారు, డామినోలు ఆడుకుంటారు, ఆదివారం భోజనం చేస్తారు, ఎవరైనా పోతే దినం రోజు అక్కడే కూర్చుంటారు. బీరు ఒక సాకు. ఎవరి డబ్బులు వాళ్ళు కట్టుకోరు. "ఈ రౌండు నాది" అని ఒకరు అందరికీ తెస్తారు. తన వంతు రాగానే జారుకునేవాడి సంగతి ఊళ్ళో పదేళ్ళు చెప్పుకుంటారు.

మొదట్లో ఇది నిజంగానే ఇల్లు. ఇంట్లో ఆడవాళ్ళు కుటుంబానికి ఏల్ అనే పాతకాలపు బీరు కాచుకునేవారు, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేవారు. సరుకు తయారైందని తెలియడానికి వాకిట్లో ఒక కర్రకు పొద కట్టి నిలబెట్టేవారు. 1393లో రెండో రిచర్డ్ రాజు లండన్‌లో ఏల్ అమ్మే ఇళ్ళన్నీ బోర్డు కట్టి తీరాలన్నాడు. తనిఖీదారు వచ్చి సరుకు రుచి చూడాలంటే ఇల్లు ఏదో తెలియాలి కదా. ఈనాడు మనం ముచ్చటపడి ఫోటోలు తీసుకునే సింహాల, హంసల బోర్డుల వెనక ఉన్నది ఆ తనిఖీయే. 1552 చట్టంతో మేజిస్ట్రేట్ల లైసెన్సు వచ్చింది. చేదునిచ్చే హాప్స్ పువ్వు కలిపిన బీరు యూరప్ నుంచి వచ్చాక సరుకు ఎక్కువ రోజులు నిలవ ఉండటం మొదలైంది. నిలవ ఉండేదాన్ని పెద్దయెత్తున కాచి దూరం పంపొచ్చు. అలా పని ఇంటి పొయ్యి మీంచి కార్ఖానాకు పోయింది, ఆడవాళ్ళ చేతుల్లోంచి పెట్టుబడి ఉన్న మగవాళ్ళ చేతుల్లోకి కూడా పోయింది.

ఈ కథలో అసలు మలుపు 1830. అంతకుముందు శతాబ్దంలో లండన్‌ను జిన్ అనే ఘాటైన సారా ముంచేసింది. సారాకన్నా బీరు మేలు, పైగా లైసెన్సులిచ్చే మేజిస్ట్రేట్లూ బీరు కాచే పెద్ద బ్రూవరీలూ కుమ్మక్కయ్యారన్న కోపం ఒకటి. దాంతో వెల్లింగ్టన్ ప్రభుత్వం బీర్‌హౌస్ చట్టం తెచ్చింది: ఇంటిపన్ను కట్టేవాడెవడైనా సరే, రెండు గినీలు చెల్లించి, మేజిస్ట్రేటు గడప తొక్కకుండా తన ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. ఆరు నెలల్లో దాదాపు 24 వేల కొత్త దుకాణాలు పుట్టుకొచ్చాయి. కమ్మరి ఇంటి ముందుగది, చెప్పులు కుట్టేవాడి వసారా, ఏదైనా సరే పబ్బే. మన క్రూకెడ్ హౌస్ రైతు ఇంటి నుంచి పబ్బుగా మారింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇంగ్లండ్ సంప్రదాయానికి ప్రతిరూపం అనుకునే ఆ "వీధి చివరి పబ్బు" అనాదిగా వచ్చిందేం కాదు. చాలావరకు ఒక్క చట్టం సంతానం.

1869లో ఆ తలుపు మూసేశారు. లైసెన్సు మళ్ళీ మేజిస్ట్రేట్ల చేతికి వెళ్ళింది. మద్యనిషేధం కోరే సంఘాలు బలపడ్డాయి, కొత్త లైసెన్సు దొరకడం గగనమైంది. దొరకని దానికి విలువ పెరగడం మామూలే. 1886లో గిన్నిస్ షేర్లు అమ్మి పెట్టుబడి పోగుచేశాక మిగతా బ్రూవరీలూ అదే దారి పట్టాయి. ఆ డబ్బుతో పోటీలు పడి పబ్బులు కొన్నాయి. బీరు కాచడం ఒక ఎత్తు, దాన్ని అమ్మే గుమ్మం చేతిలో ఉండటం ఇంకో ఎత్తు.

అలా స్థిరపడ్డదే "టైడ్ హౌస్", కట్టుబడ్డ పబ్బు. భవనం బ్రూవరీది, నడిపేవాడు అద్దె కట్టాలి, బీరు ఆ బ్రూవరీ దగ్గరే, అది చెప్పిన ధరకే కొనాలి. మన ఊళ్ళో కౌలుకిచ్చిన ఆసామి, విత్తనాలూ ఎరువులూ నా కొట్లోనే కొనాలని షరతు పెడితే ఎలా ఉంటుందో అలా. తమాషా ఏమిటంటే, పబ్బు నడిపేవాణ్ణి ఇంగ్లీషువాళ్ళు ల్యాండ్‌లార్డ్ అంటారు. ఇంటి యజమాని అని అర్థం. నిజానికి అతను కౌలుదారు. ఏ బ్రూవరీకీ కట్టుబడని పబ్బు మీద "ఫ్రీ హౌస్" అని రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసి మందు ఉచితమేమో అని ఆశపడే మనవాళ్ళు లేకపోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటిదాకా లండన్ పబ్బులు తెల్లవారుజామున 5కు తెరిస్తే అర్ధరాత్రి దాటాక 12.30కు మూసేవి. ఆయుధ కర్మాగారాల్లో పని దెబ్బతింటోందని 1915లో గంటలు కోసేశారు: పగలు రెండున్నర గంటలు, సాయంత్రం మూడు గంటలు. మనం జర్మనీ, ఆస్ట్రియా, తాగుడు అనే ముగ్గురు శత్రువులతో పోరాడుతున్నామని, వాటిలో తాగుడే ఘోరమైనదని అప్పటి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ అన్నది అప్పుడే. ఇంకొకరికి మందు ఇప్పించడం కూడా నేరం చేశారు, రౌండ్ల మర్యాద మీదే వేటు. భార్యకు గ్లాసు వైను ఇప్పించిన పాపానికి సౌతాంప్టన్‌లో ఒకాయన జరిమానా కట్టాడు. ఇక సరిహద్దు దగ్గరి కార్లైల్ ప్రాంతంలో ఏకంగా ప్రభుత్వమే బ్రూవరీల్నీ పబ్బుల్నీ కొనేసింది. ఎక్కువ అమ్మాలన్న ఆత్రం లేని జీతగాళ్ళ చేత నడిపించింది. 2019 నుంచి ఐదేళ్ళు ప్రభుత్వ మద్యం దుకాణాల్ని చూసిన ఆంధ్రప్రదేశ్ పాఠకుడికి ఇదేం కొత్తగా తోచదు. కార్లైల్‌లో మాత్రం అది 1970ల మొదటిదాకా సాగింది.

యుద్ధం నాలుగేళ్ళకు ముగిసింది. మధ్యాహ్నం తలుపులు మూసే పద్ధతి ముగియడానికి 1988 ఆగస్టు దాకా పట్టింది. గంట కొట్టి "టైమ్ జెంటిల్మెన్ ప్లీజ్" అని కేకేయడం, ఆఖరి పది నిమిషాల్లో రెండు పింట్లు గటగటా దించేయడం, ఇవన్నీ ఇంగ్లీషు సంస్కృతి అని చెప్పుకుంటారు. చాలావరకు యుద్ధకాలపు నిబంధన నేర్పిన అలవాటే.

ఆ కేకలో "జెంటిల్మెన్" అన్నమాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. జనం ఇల్లే గానీ, ఏ జనం? పాత పబ్బులో కూలీలకు పబ్లిక్ బార్, కాస్త కలిగినవాళ్ళకు ఎక్కువ ధరతో సెలూన్ బార్, బయటివాళ్ళ కంటపడకూడదనుకునేవాళ్ళకు స్నగ్ అనే చిన్న గది. వాటి మధ్య అడ్డుపెట్టిన అద్దాల మీద గీసిన తీగలూ పూలూ చూడ్డానికి బాగుంటాయి, ఇవతలివాడికి అవతలివాడు కనపడకుండా ఉండటం వాటి పని. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో పత్రికలవాళ్ళు చేరే ఎల్ వినో అనే బార్‌లో ఆడవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడి అడిగితే పోసేవారు కాదు, వెనక గదిలో కూర్చోవాలి. అది చట్టవిరుద్ధమని కోర్టు చెప్పింది 1982లో.

మన రంగువాళ్ళ సంగతి ఇంకా దారుణం. క్రూకెడ్ హౌస్ ఉన్న ఆ బొగ్గూ ఇనుమూ ప్రాంతంలోనే స్మెథిక్ అనే పట్టణం ఉంది. ఫౌండ్రీల్లో పనిచేయడానికి పంజాబ్ నుంచి వేలమంది అక్కడికి వెళ్ళారు. పగలంతా కొలిమి దగ్గర పక్కపక్కనే చెమటోడ్చిన తెల్లవాడు సాయంత్రం పబ్బులోకి వెళితే, పంజాబీని గుమ్మంలోనే ఆపేసేవారు, లేదా వేరే గదికి పొమ్మనేవారు. ఫౌండ్రీ కార్మికుడు అవతార్ సింగ్ జౌహల్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్ళు ఒక ఉపాయం పన్నారు. ముందు తెల్ల విద్యార్థులు వెళ్ళి గ్లాసు తీసుకుంటారు, వెనకే భారతీయులు వెళ్ళి అడుగుతారు. కాదంటే, సాక్షులు సిద్ధం. 1965 ఫిబ్రవరి 12న జౌహల్ వెంట స్మెథిక్‌లో బ్లూ గేట్స్ పబ్బులో అడుగుపెట్టిన అతిథి అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్. అక్కడా అదే మర్యాద దక్కింది. తొమ్మిది రోజులకు న్యూయార్క్‌లో ఆయన హత్యకు గురయ్యాడు. ఆ ఏడాది చివర్లో అమల్లోకొచ్చిన జాతి సంబంధాల చట్టం పబ్బుల్లాంటి బహిరంగ స్థలాల్లో వివక్షను నిషేధించింది. తర్వాత తెల్లవాళ్ళు వదిలేసుకుంటున్న పబ్బుల్ని పంజాబీలే తీసుకొని నడపడం మొదలైంది. ఇవాళ ఆ చుట్టుపక్కల "దేశీ పబ్బు" అంటే బీరు పింటు పక్కన చర్రుమనే ఇనప పెనం మీద చికెన్, సీక్ కబాబ్, కింద ఉల్లిపాయలు. బ్రిటన్‌లో పబ్బు కొత్త ఊపిరి పోసుకున్న చోటు ఏదైనా ఉందంటే నా ఓటు దానికే.

ఇల్లెవరిదన్న లెక్కకు మళ్ళీ వద్దాం. 1980ల నాటికి ఆరు పెద్ద బ్రూవరీలు దేశంలో నాలుగింట మూడు వంతుల బీరు కాచేవి, పబ్బులూ వేలకు వేలు వాటివే. అంతకు చాలా ముందు నుంచే, పీపాలో పులుస్తూ బతికుండే పాత ఏల్‌ను పక్కకు నెట్టి, గ్యాసు పట్టించిన కెగ్ బీరు అమ్మారు. దానిమీద మండిపడి 1971లో నలుగురు కుర్రాళ్ళు పెట్టిన వినియోగదారుల సంఘమే కామ్రా. ప్రభుత్వానికీ కదలిక వచ్చింది. 1989లో ఆజ్ఞ: 2 వేలకు మించి పబ్బులున్న బ్రూవరీ, ఆ మించినవాటిలో సగం వదులుకోవాలి. గుత్తాధిపత్యం విరిగిపోతుంది, కౌలుదారు గాలి పీల్చుకుంటాడు అని ఆశ.

జరిగింది తలకిందులు. ఆజ్ఞ బ్రూవరీలకే గానీ, బీరు కాచనివాళ్ళకు వర్తించదు. పబ్బుల్ని కొనడమే వ్యాపారంగా కొత్త కంపెనీలు పుట్టాయి. పంచ్, ఎంటర్‌ప్రైజ్ అనే రెండూ ఒక్కొక్కటి 8 వేలకు మించి పబ్బులు పోగేశాయి, అదీ అప్పు చేసి. రాబోయే అద్దెల్నే తాకట్టు పెట్టి బాండ్లు అమ్మాయి. పాత బ్రూవరీకి కనీసం తన బీరు అమ్ముడుపోవాలి కాబట్టి పబ్బు బతకాలి. కొత్త యజమానికి పబ్బు ఒక స్థలం. ఫ్లాట్లు కడితే ఎక్కువ వస్తుందంటే ఫ్లాట్లే. 2007 జులైలో ఇంగ్లండ్‌లో పొగ నిషేధం, మరుసటేడు ఆర్థిక సంక్షోభం వచ్చాయి. తలుపులు వరసగా మూతపడ్డాయి. 2010ల మధ్యకల్లా పబ్బులో కన్నా ఇంటికి కొనుక్కెళ్ళే బీరే ఎక్కువైంది.

క్రూకెడ్ హౌస్ దస్తావేజులోనూ ఇదే చరిత్ర. 1940లలో ప్రమాదకరమని కూల్చేయబోతే, వుల్వర్‌హాంప్టన్ అండ్ డడ్లీ అనే బ్రూవరీ కొని, గోడలకు ఊతమిచ్చి కాపాడింది. ఆ బ్రూవరీయే 2007లో మార్‌స్టన్స్‌గా పేరు మార్చుకుంది. 2020లో బీరు వ్యాపారాన్ని కార్ల్స్‌బర్గ్‌తో కలిపింది, 2024లో ఉన్న వాటా కూడా అమ్మేసి పూర్తిగా పబ్బుల కంపెనీ అయింది. కాపాడింది బీరు కాచే సంస్థ, అమ్మింది బీరు వ్యాపారం వదులుకుంటున్న సంస్థ.

చట్టం ఆలస్యంగా మేలుకుంది. 2011 చట్టం కింద ఊరి ఆస్తిగా నమోదైన పబ్బు అమ్మకానికొస్తే, కొనడానికి ఊరివాళ్ళు ఆరు నెలల గడువు అడగొచ్చు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే పల్లె అంతకుముందే, 2003లో, వందమందికి పైగా వాటాలు వేసుకొని తమ ఓల్డ్ క్రౌన్‌ను సహకార సంఘంగా కొనేసుకుంది. 2016లో పెద్ద కంపెనీల కౌలుదార్లకు, బీరు షరతు లేకుండా మార్కెట్ అద్దె మాత్రమే కట్టే హక్కు వచ్చింది. 2017 నుంచి ఇంగ్లండ్‌లో పబ్బును కూల్చాలన్నా, ఇంకోటిగా మార్చాలన్నా ప్రణాళికా అనుమతి తప్పనిసరి.

అనుమతి లేకుండా కూల్చేస్తే ఏమవుతుందో లండన్‌లోని మైడా వేల్‌లో తేలింది. 2015 ఏప్రిల్‌లో కార్ల్‌టన్ టావర్న్ అనే పబ్బును, రక్షిత కట్టడంగా ప్రకటించబోతున్న తరుణంలో, డెవలపర్ పడగొట్టేశాడు. వారసత్వ శాఖవాళ్ళు ముందే దాని వివరాలు నమోదు చేసి పెట్టుకున్నారు. అచ్చం అలాగే కట్టి ఇవ్వమని ఆదేశమైంది. ఆరేళ్ళకు, 2021 ఏప్రిల్‌లో, అదే చోట అదే ముఖంతో తెరుచుకుంది.

హిమ్లీ యజమానులకు కూడా 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ నోటీసు అందింది: మంటలకు ముందు ఎలా ఉందో అలాగే, మూడేళ్ళలో కట్టాలి. అంటే ఇంజినీర్లు కొత్త పునాది వేసి, కొత్త గోడల్ని ఒక పక్కకు ఒరిగేలా లేపాలి.