"నాకే ఎందుకిలా?" అన్నవాళ్లకు జవాబు చెప్పబోయే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నయం కాని జబ్బులతో మంచాన పడ్డవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ కౌన్సెలింగ్ చేయడం నా పని. మందులు, నొప్పి, ఖర్చుల మాటలన్నీ అయ్యాక చాలామంది గొంతు తగ్గించి రెండు ప్రశ్నలు అడుగుతారు. "దేవుడు నాకే ఎందుకిలా చేశాడు?", "అసలు నేనెందుకు పుట్టినట్టు?" ఈ ప్రశ్నల చుట్టూ ఉన్న అపోహల్లో ఎక్కువ శాతం రోగివి కావు, మంచం పక్కన కూర్చున్నవాళ్లవి.

అపోహ: నమ్మకం గట్టిగా లేనివాళ్లే దేవుణ్ని నిలదీస్తారు.

వాస్తవం: నేను చూసినంతలో గట్టిగా నమ్మినవాళ్లే గట్టిగా నిలదీస్తారు. లేడనుకున్నవాడి మీద ఎవరైనా ఎలా అలుగుతారు? పోతన గజేంద్రుడికి మొసలి పట్టులో ఉండగా తాను పిలుస్తున్నవాడు ఉన్నాడో లేడో అని అనుమానం వస్తుంది. అయినా పిలవడం మానడు. బైబిల్లో కష్టాల పాలైన యోబు దేవుడితో పెద్ద వాదనే పెట్టుకుంటాడు. చివర్లో దేవుడు యోబునూ ఘాటుగానే ప్రశ్నిస్తాడు గానీ, తన గురించి సరిగ్గా మాట్లాడలేదని కోప్పడింది మాత్రం దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న యోబు స్నేహితుల మీద. మదర్ థెరిసా దేవుడు దూరమయ్యాడన్న వెలితితో దశాబ్దాలు గడిపారన్న సంగతి, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాకే చాలామందికి తెలిసింది.

అపోహ: "ఎందుకు" అని అడిగినవాళ్లకు కారణం చెబితే ఊరట కలుగుతుంది.

వాస్తవం: "లోకం మొత్తమ్మీద మంచిదే, జరిగేదానికి ఓ లెక్క ఉంటుంది, నేను ఫరవాలేని మనిషినే." పైకి అనుకోకపోయినా మనం ఈ మూడింటి మీదే బతుకుతుంటాం. మనస్తత్వవేత్త రోనీ జానోఫ్-బుల్మన్ 1992లో వీటి గురించే రాశారు. ఎన్నడూ సిగరెట్టు ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలితే మూడూ ఒక్క పూటలో కూలిపోతాయి. కణాల్లో ఏం మారిందో డాక్టరు ఎంత చక్కగా వివరించినా వాటిలో ఒక్కటీ తిరిగి నిలబడదు. అందుకే అంతా విని, తలూపి, మళ్లీ అదే అడుగుతారు. దేవుణ్ని నమ్మనివాళ్లూ అడుగుతారు, దేవుడి పేరు ఎత్తరు, అంతే.

అప్పుడు మనం "ఏ జన్మ పాపమో" అంటాం, "పరీక్ష పెడుతున్నాడు" అంటాం. ఆ మాట ఎవరి కోసం? 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు తింటున్నట్టు నటించే ఒకామెను కొందరికి చూపించారు. ఆ బాధను ఆపే దారి లేనివాళ్లు ఆమెనే తక్కువగా అంచనా వేశారు. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మాలంటే బాధపడేవాళ్లలోనే ఏదో లోపం ఉండాలి మరి! మన భయం తీరడానికి మనం అనే మాట అది. విన్నవాడికి మాత్రం జబ్బుకు తోడు నేరం కూడా నెత్తిన పడుతుంది.

అపోహ: దేవుడి మీద కోపం వరుసగా ఐదు దశలు దాటి శాంతితో ముగుస్తుంది.

వాస్తవం: 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ ఆ దశల (నమ్మకపోవడం, కోపం, బేరాలాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) గురించి రాసింది మరణం ముంగిట ఉన్నవాళ్లతో మాట్లాడి. అందరూ అదే వరుసలో నడవాలన్న నియమం లేదు. పొద్దున ప్రార్థన చేసిన మనిషే సాయంత్రం తిడతాడు.

అపోహ: బతుక్కి అర్థం పోయిందన్నవాళ్లకు పెద్ద మాటలు చెప్పాలి.

వాస్తవం: "నేనెందుకు" అన్నదాని వెనక చాలాసార్లు "ఇప్పుడు నేనెవరికి పనికొస్తాను" అన్న బెంగ ఉంటుంది. లారీ మెకానిక్కుగా పనిచేసిన ఒక పెద్దాయన రోజూ "భూమికి భారం" అనేవారు. నేనింకా జవాబు వెతుక్కుంటుండగానే వార్డు బాయ్ వచ్చి, చక్రాల కుర్చీ కిర్రుమంటోంది, ఏం చేయాలని ఆయన్నే అడిగాడు. అరగంట ఈయన చెప్పడం, అతను బిగించడం. మర్నాడు మళ్లీ "భారం" అన్నారనుకోండి. ఆ అరగంట మాత్రం అనలేదు. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ విక్టర్ ఫ్రాంకల్ కూడా, జీవితానికున్న అర్థం మనిషి మనిషికీ, గంట గంటకూ మారుతుందనే రాశాడు.

అపోహ: ఇదంతా మానసిక జబ్బు.

వాస్తవం: కాదు. అమెరికా మనోవైద్యుల ప్రామాణిక గ్రంథం 1994 కూర్పులో మతపరమైన, ఆధ్యాత్మిక సమస్యలను జబ్బుల లెక్కలోకి తీసుకోకుండా వేరే కోవలో పెట్టారు.

అయితే "నాకే ఎందుకు" వేరు, "ఇంకెందుకు బతకడం" వేరు. రెండోది వినబడితే, నిద్రా తిండీ తగ్గిపోతే, తన వస్తువులు పంచిపెట్టడం మొదలుపెడితే వేదాంతం పక్కన పెట్టి "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుడుతుందన్నది కూడా అపోహే. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే మనోవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.