బూట్ మోడ్ దగ్గర ఆగిపోయిన సర్వర్

రాత్రి పదకొండు దాటింది. హైదరాబాద్‌లో ఒక సంస్థ సర్వర్ రూమ్‌లో ఉన్నాం. పొద్దున మదర్‌బోర్డ్ కాలిపోతే సాయంత్రానికి కొత్తది వచ్చింది. ఇంజనీర్ బిగించి వెళ్లిపోయాడు. పవర్ ఇచ్చాం. ఫ్యాన్లు హోరెత్తాయి, మెమరీ లెక్క సరిపోయింది, డిస్కులను ఒకటిగా కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్ అన్నిటినీ చూపించింది. తర్వాత నల్లటి స్క్రీన్ మీద ఒక్కటే లైను: బూట్ డివైస్ దొరకలేదు.

నాతో ఉన్న కుర్రాడికి చెమటలు పట్టాయి. "సార్, రెయిడ్ పోయినట్టుంది. మళ్లీ క్రియేట్ చేసి ఇనిషియలైజ్ కొట్టేద్దామా?" అన్నాడు. చెయ్యి అప్పటికే కీబోర్డ్ మీదకు వెళ్లింది. "ఆగు నాన్నా, దేన్నీ ముట్టుకోకు" అన్నాను. ఆ ఎంటర్ పడి ఉంటే ఆరేళ్ల బిల్లింగ్ డేటా తుడిచిపెట్టుకుపోయేది. బ్యాకప్ ఉందని అందరూ అంటున్నారు గానీ దాన్ని తీసి చూసినవాళ్లెవరూ లేరు.

రీస్టార్ట్ చేసి సెటప్‌లోకి వెళ్లాం. బూట్ సెట్టింగ్స్‌లో మొదటి లైనే అసలు సంగతి చెప్పింది: బూట్ మోడ్, యూఈఎఫ్‌ఐ. పవర్ రాగానే ఓఎస్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, లేపే కొత్త పద్ధతి అది. కొత్త బోర్డు ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చింది. డిస్కులో ఉన్న ఓఎస్‌ను ఆరేళ్ల క్రితం ఎవరో లెగసీ బయాస్ అనే పాత మోడ్‌లో ఇన్‌స్టాల్ చేశారు. ఆ లైను మార్చి సేవ్ చేశాం. నాలుగైదు నిమిషాల్లో లాగిన్ స్క్రీన్ వచ్చింది. డిస్కులకు ఏమీ కాలేదు. చేయని తప్పుకు వాటి మీద నింద పడబోయింది, అంతే.

ఇలాంటి రాత్రులు సర్వర్లు చూసుకునే చాలామందికి తెలుసు. ఒకే మిషన్‌లో ఒకదానికొకటి పొసగని రెండు బూట్ పద్ధతులు ఎందుకున్నాయో మాత్రం కొత్తగా వచ్చే పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. "యూఈఎఫ్‌ఐ పెట్టు, పని చేయకపోతే లెగసీ పెట్టు" అని నేర్పి వదిలేస్తున్నారు. ఈ కథ తెలిసినవాడు ఆ రాత్రి ఇనిషియలైజ్ వైపు చెయ్యి చాపడు. అందుకే మొదటి నుంచి చెబుతున్నాను.

బయాస్ అనే పేరు ఐబీఎం పెట్టింది కాదు. 1970లలో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీఎం అనే ఓఎస్‌లో మిషన్‌కు దగ్గరగా ఉండే భాగాన్ని బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టమ్ అనేవారు. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ ఆ పేరునే తీసుకుని, ఆ కోడ్‌ను మదర్‌బోర్డ్ మీద చిప్‌లో పెట్టింది. పవర్ రాగానే ప్రాసెసర్ ఆ చిప్‌లో కోడ్ చదవడం మొదలుపెడుతుంది. మెమరీ, కీబోర్డ్ సరిచూసుకుంటుంది. చివరికి డిస్కులో మొట్టమొదటి సెక్టార్, అంటే 512 బైట్లు, మెమరీలోకి లాగి పగ్గాలు దానికి ఇచ్చేస్తుంది. అందులో ఏముందో, ఎవరు రాశారో బయాస్ అడగదు. చివరి రెండు బైట్లలో ఉండాల్సిన గుర్తు ఉంటే చాలు, నమ్మేస్తుంది.

1983లో హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చాక ఆ 512 బైట్లనే ముక్కలు చేశారు. 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, 2 బైట్లు గుర్తుకు. పట్టికలో ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్లు, అందుకే నాలుగే పార్టిషన్లు. మనం ఎంబీఆర్ అంటున్నది దీన్నే. ఎక్స్‌టీతో వచ్చిన డిస్కు 10 ఎంబీ. ఆ రోజుకు అది చాలా ఎక్కువ.

సెటప్ స్క్రీన్ కూడా మొదట్లో లేదు. 1981 పీసీలో మెమరీ ఎంత ఉందో, ఫ్లాపీ డ్రైవ్‌లు ఎన్నో బోర్డు మీద చిన్న స్విచ్‌లతోనే చెప్పాలి. 1984లో పీసీ ఏటీ వచ్చినప్పుడు గడియారం చిప్‌తో పాటు బ్యాటరీ మీద బతికే 64 బైట్ల సీమాస్ మెమరీ పెట్టారు. అందులో 14 బైట్లు గడియారానివి, మిగతా 50 సెట్టింగ్స్‌వి. వాటిని మార్చే ప్రోగ్రామ్ విడిగా డయాగ్నస్టిక్ ఫ్లాపీలో వచ్చేది. ఫ్లాపీ పోతే సెటప్ పోయినట్టే. కొన్నేళ్లకు ఆ ప్రోగ్రామ్ బయాస్ చిప్‌లోకే చేరింది. ఇవాళ డెల్ సర్వర్‌లో ఎఫ్2, హెచ్‌పీఈలో ఎఫ్9 నొక్కితే తెరుచుకునే స్క్రీన్‌కు పూర్వీకుడు అదే. బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీని ఇప్పటికీ సీమాస్ బ్యాటరీ అనే అంటున్నాం.

బయాస్ ఇంతకాలం ఎందుకు నిలిచిందో కూడా చెప్పుకోవాలి. ఐబీఎం తన బయాస్ కోడ్‌ను మాన్యువల్‌లో అచ్చేసింది. చదవొచ్చు గానీ కాపీ కొట్టకూడదు. దాంతో కాంపాక్, ఆ తర్వాత ఫీనిక్స్ ఒక జాగ్రత్త పాటించాయి. కోడ్ చదివినవాళ్లు అది ఏం చేస్తుందో మాత్రమే రాసిస్తారు. ఆ కోడ్ ముఖమే చూడనివాళ్లు ఆ కాగితాలు పట్టుకుని సొంతంగా మళ్లీ రాస్తారు. 1984 నాటికి ఫీనిక్స్ బయాస్ ఎవరు కావాలన్నా కొనుక్కోగలిగే సరుకైంది. వందల కంపెనీలు పీసీలు చేశాయి, తర్వాత సర్వర్లూ చేశాయి. అందరూ ఒకే ప్రవర్తనకు కట్టుబడ్డారు కాబట్టి దాన్ని మార్చే ధైర్యం ఎవరూ చేయలేకపోయారు. 1981 నాటి 16 బిట్ పద్ధతి 2000ల్లో వచ్చిన సర్వర్లలోనూ అలాగే నడిచింది.

సర్వర్లలోనే అది ముందుగా ఊపిరాడకుండా చేసింది. ఎంబీఆర్ పట్టికలో సెక్టార్ నంబర్ రాయడానికి 32 బిట్లు ఉంటాయి. అంటే సుమారు 429 కోట్ల సెక్టార్లు. ఒక్కోటి 512 బైట్లు కాబట్టి మొత్తం 2.2 టెరాబైట్లు. ఇంట్లో వాడే డిస్కు ఆ గీత దాటింది 2010లో, 3 టీబీ డిస్కులు వచ్చాక. సర్వర్ వాళ్లకు అంతకు చాలా ముందే తగిలింది. 500 జీబీ డిస్కులు ఆరు కలిపి రెయిడ్ 5 వేస్తే, ఒక డిస్కు జాగా భద్రతకు పోగా 2.5 టీబీ వస్తుంది. గీత దాటిన భాగం బూట్ డిస్కులో కనిపించదు. అప్పట్లో అందరం చేసిన పని ఒకటే: రెయిడ్ కంట్రోలర్‌లో ఓఎస్ కోసం చిన్న వర్చువల్ డిస్కు ఒకటి కోసి, మిగతాదంతా డేటాకు విడిగా ఇవ్వడం. ఇప్పటికీ కొన్ని చోట్ల ఆ ఏర్పాటు ఎందుకుందో తెలియకుండానే కొనసాగిస్తున్నారు.

ఇంకో ఇరుకు కూడా ఉండేది, దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. రెయిడ్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, ఫైబర్ ఛానెల్ కార్డు అన్నిటికీ సొంత బూట్ కోడ్ ఉంటుంది. దాన్ని ఆప్షన్ రోమ్ అంటారు. పాత పద్ధతిలో ఇవన్నీ మొదటి 1 ఎంబీ మెమరీలోనే, స్క్రీన్ మెమరీ, బయాస్ పోగా మిగిలిన కాస్త జాగాలో సర్దుకోవాలి. అది 128 కేబీ అటూఇటూగా ఉండేది. నాలుగు కార్డులు గుచ్చితే నాలుగోదానికి చోటు చాలదు. వాడని నెట్‌వర్క్ పోర్టుల బూట్ ఆప్షన్లు ఒక్కొక్కటీ సెటప్‌లో ఆపేసుకుంటూ కూర్చునేవాళ్లం, చివరి కార్డుకు చోటు దొరికేదాకా.

దారి చూపింది మరో రకం సర్వర్. ఇంటెల్, హెచ్‌పీ కలిసి ఇటానియం అనే 64 బిట్ ప్రాసెసర్ తయారుచేస్తున్నప్పుడు పాత 16 బిట్ బయాస్‌ను దాని మీదకు మోసుకెళ్లడంలో అర్థం లేదని తేలింది. 1998లో ఇంటెల్ బూట్ ఇనిషియేటివ్ పేరుతో మొదలైన పని తర్వాత ఈఎఫ్‌ఐ అయింది. ఇందులో ఫర్మ్‌వేర్‌కు, అంటే బోర్డు మీది చిప్‌లో ఉండే కోడ్‌కు, ఫైళ్లు చదవడం వచ్చు. డిస్కులో ఫ్యాట్ ఫార్మాట్‌లో ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది, అందులో ఓఎస్‌ను లేపే బూట్‌లోడర్ మామూలు ఫైలులా ఉంటుంది. ఏ ఫైలు తెరవాలో మదర్‌బోర్డ్ మీది ఫ్లాష్ మెమరీలో పేరు పెట్టి రాసుకుంటారు. ఎంబీఆర్ స్థానంలో జీపీటీ అనే కొత్త పార్టిషన్ పట్టిక వచ్చింది. మామూలుగా 128 పార్టిషన్లు, 64 బిట్ నంబర్లు, డిస్కు చివర పట్టికకు ఇంకో కాపీ. పాత టూల్స్ ఈ డిస్కును ఖాళీ అనుకుని తుడిచేయకుండా మొదటి సెక్టార్‌లో ఒక కాపలా ఎంబీఆర్ కూడా పెట్టారు. ఆ జాగ్రత్త చూస్తే దాన్ని డిజైన్ చేసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఇటానియం మాత్రం మార్కెట్‌లో నిలబడలేదు. 2021 జూలైలో చివరి సరుకు వెళ్లిపోయింది. దాని కోసం పుట్టిన ఫర్మ్‌వేర్ పద్ధతి మాత్రం లోకమంతా పాకింది. 2005లో ఇంటెల్, ఏఎండీ, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీలు ఒక ఫోరమ్‌గా ఏర్పడి దాన్ని యూఈఎఫ్‌ఐ పేరుతో ఉమ్మడి ప్రమాణం చేశాయి. 64 బిట్ విండోస్ సర్వర్ 2008 దాన్ని అందుకుంది, 2010లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 6 కూడా.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. కస్టమర్ల దగ్గర పాత ఓఎస్‌లు, పాత కార్డులు, పాత ఇన్‌స్టాలేషన్లు ఉన్నాయి. ఒక్క రోజులో బయాస్‌ను తీసేస్తే ఆ సర్వర్లు కొనేవాళ్లు ఉండరు. అందుకని యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ లోపలే పాత బయాస్‌లా నటించే భాగం ఒకటి పెట్టారు, దాని పేరు సీఎస్‌ఎం. సెటప్‌లో లెగసీ అని ఎంచుకుంటే అదే లేచి పనిచేస్తుంది. కొన్నాళ్ల సర్దుబాటు అనుకున్నది దశాబ్దం దాటింది. 2017లో ఇంటెల్ 2020 నాటికి దీన్ని వదిలేస్తామని చెప్పాకే చాలామంది కదిలారు. ఎన్‌వీఎంఈ అనే కొత్త తరం వేగమైన డిస్కులు కూడా తొందరపెట్టాయి. లెగసీ మోడ్‌లో వాటి నుంచి బూట్ కావడం చాలా సర్వర్లలో కుదరదు.

అందుకే బూట్ మోడ్‌ను మిగతా సెట్టింగ్స్‌తో కలిపి చూడకూడదు. ఫ్యాన్ స్పీడ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బూట్ మోడ్ మాత్రం ఓఎస్ ఇన్‌స్టాల్ చేసే రోజే ఖాయమైపోతుంది. పార్టిషన్ పట్టిక, బూట్‌లోడర్ అన్నీ దాని ప్రకారమే డిస్కులో పడతాయి. తర్వాత సెటప్‌లో తిప్పితే డిస్కు మారదు, ఫర్మ్‌వేర్ వెతికే చోటు మాత్రమే మారుతుంది. ఏ మోడ్‌లో ఉన్నామో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయాస్ మోడ్ అని లైనే ఉంటుంది. లైనక్స్‌లో సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్‌ఐ, లేకపోతే లెగసీ.

నెట్‌వర్క్ ద్వారా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు ఇంకో చోట తగులుతుంది. 1999 నాటి పీఎక్స్‌ఈ పద్ధతిలో లెగసీ మిషన్‌కు ఒక రకం బూట్ ఫైలు కావాలి, యూఈఎఫ్‌ఐ మిషన్‌కు వేరే రకం. తను ఏ రకమో మిషన్, ఐపీ అడిగే డీహెచ్‌సీపీ సందేశంలో ఆప్షన్ 93 ద్వారా చెబుతుంది. సర్వర్ దాన్ని చూడకుండా అందరికీ ఒకే ఫైలు ఇస్తే కొత్త ర్యాక్ మొత్తం ఐపీ తీసుకుని, ఫైలు దించుకుని, అక్కడే నిలబడిపోతుంది. కేబుళ్లు మారుస్తూ ఒక పూట గడిపినవాళ్లను చూశాను.

యూఈఎఫ్‌ఐకి మారితే అన్నీ తీరిపోతాయని కూడా చెప్పను. రెండు డిస్కులకు సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 వేసినవాళ్లు డేటా రెండు చోట్లా ఉందని నిశ్చింతగా ఉంటారు. ఆ ఫ్యాట్ పార్టిషన్ మాత్రం చాలాసార్లు మొదటి డిస్కులోనే ఉంటుంది. ఆ డిస్కు పోయిన రోజు డేటా క్షేమంగానే ఉంటుంది, సర్వర్ లేవదు. రెండో డిస్కులోనూ ఆ పార్టిషన్ పెట్టి, బూట్ ఎంట్రీ ఇంకోటి రాసి, ఒకసారి మొదటి డిస్కు లాగేసి బూట్ చేసి చూడాలి. అలాగే బూట్ ఎంట్రీలు ఉండేది మదర్‌బోర్డ్ మీద కాబట్టి బోర్డు మారిస్తే అవీ పోతాయి. అప్పుడు ఫర్మ్‌వేర్, బూట్ అనే ఫోల్డర్‌లో ఒక స్థిరమైన పేరున్న ఫైలు కోసం వెతుకుతుంది. అక్కడ కాపీ ఉంటే బతికిపోతాం.

ఇక సెక్యూర్ బూట్. బయాస్ తన 512 బైట్లను కళ్లు మూసుకుని నమ్మేది, యూఈఎఫ్‌ఐ బూట్‌లోడర్ మీద డిజిటల్ సంతకం చూస్తుంది. 2011లో ప్రమాణంలోకి వచ్చి, 2012లో విండోస్ 8తో అందరికీ చేరింది. లైనక్స్ కంపెనీలు మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో దానిలో చోటు సంపాదించాయి. 2020 జూలైలో లైనక్స్ వాడే గ్రబ్ బూట్‌లోడర్‌లో బూట్‌హోల్ అనే లోపం బయటపడినప్పుడు, దాన్ని సరిచేయడానికి వచ్చిన అప్‌డేట్ వేశాక కొన్ని రెడ్ హ్యాట్, సెంట్‌ఓఎస్ సర్వర్లు బూట్ కాకుండా ఆగిపోయాయి. ఆ వారం నేను ఏ అప్‌డేట్ జోలికీ వెళ్లలేదు.

ఈ సంతకాలను సరిచూసేందుకు 2011లో ఇచ్చిన మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి మొదలై అక్టోబర్‌లోపు తీరిపోతుంది. గడువు దాటగానే సర్వర్లు ఆగిపోవు, ఇప్పటికే సంతకం అయినవి బూట్ అవుతూనే ఉంటాయి. కానీ ఇకపై వచ్చే బూట్‌లోడర్లకు 2023 సర్టిఫికెట్లతోనే సంతకం పడుతుంది, వాటిని ఫర్మ్‌వేర్ గుర్తుపట్టాలంటే ఆ కొత్త సర్టిఫికెట్లు దానిలోకి ఎక్కాలి. ఆ రాత్రి మేం లెగసీలోకి తిప్పిన సర్వర్‌ను తర్వాత జీపీటీతో మొదటి నుంచి యూఈఎఫ్‌ఐలో ఇన్‌స్టాల్ చేశాం. ముందువైపు బూట్ మోడ్ రాసి స్టిక్కర్ అంటించింది ఆ కుర్రాడే. ఇప్పుడు దాని ఫర్మ్‌వేర్‌లో 2023 సర్టిఫికెట్లు ఉన్నాయో లేవో చూసే పని కూడా అతనికే ఇచ్చాను. ఆ ర్యాక్‌లో ఇంకా పదకొండు మిషన్లు ఉన్నాయి.