శిక్షణ విమానం కూలినప్పుడు: అపోహలు - వాస్తవాలు

శిక్షణ విమానం కూలిందన్న వార్త వస్తే, సాయంత్రానికల్లా కారణం తేలిపోయినట్టే అందరూ మాట్లాడతారు. విమానం నడపడం నేర్పే వృత్తిలో ఉన్నందుకు ఆ మాటలన్నీ నా చెవిన పడుతుంటాయి.

అపోహ: గాలిలో ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుంది.

పడదు. శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172 ఇంజన్ ఆగాక కూడా, ఎదురుగాలి లేకపోతే, ఒక కిలోమీటరు ఎత్తు నుంచి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు జారుతూ పోగలదు. పొలమో, ఖాళీ రోడ్డో వెతుక్కోవడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. టేకాఫ్ అయిన వెంటనే, మూడు నాలుగు వందల అడుగుల్లో ఆగితేనే చిక్కు. వెనక్కి తిరిగి రన్‌వే చేరుకోవాలని మనసు లాగుతుంది. ఆ మలుపులోనే ఎందరో పోయారు. ముక్కు దించి, ఎదురుగా కనిపించిన చోటే దిగమని మేం విసుగొచ్చేదాకా చెప్పేది అందుకే. రెక్కలు విరిగితే విరగనివ్వండి.

అపోహ: వేగం బాగా తగ్గితేనే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోతాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే, ఎందుకంటే దీన్ని శిక్షణార్థులు కూడా నమ్ముతారు. స్టాల్‌కు మూలం కోణం. ఎదురొచ్చే గాలికీ రెక్కకూ మధ్య కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోయే గాలి విడిపోతుంది, విమానాన్ని మోసే బలం పడిపోతుంది. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీల వాలుతో మలుపు తిప్పితే, మామూలుగా 50 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దగ్గర స్టాల్ అయ్యే విమానం 70 నాట్ల దగ్గరే అవుతుంది.

ఇది ఎక్కువగా ప్రాణం తీసేది ల్యాండింగ్‌కు ముందు చివరి మలుపులో. రన్‌వే గీత దాటిపోతున్నామన్న కంగారు. నేల దగ్గర విమానాన్ని ఇంకా వంచడానికి భయం. దాంతో రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ ఎక్కువ తొక్కి, ముక్కు దిగుతుంటే కంట్రోలు వెనక్కి లాగుతారు. ఒక రెక్క ముందుగా స్టాల్ అయి విమానం స్పిన్‌లో పడుతుంది, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడుతుంది. దాన్నుంచి బయటపడే పద్ధతి, అంటే పవర్ తగ్గించడం, ఎదురు రడ్డర్, కంట్రోలు ముందుకు తోయడం అందరికీ కంఠతా వచ్చు. 500 అడుగుల్లో వాటికి వ్యవధి ఉండదు.

అపోహ: ఒంటరిగా పంపబట్టే ప్రమాదం జరిగింది.

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా తుంగతుర్తి దగ్గర సెస్నా 152 కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ మరణించినప్పుడు ఈ మాట చాలా విన్నాను. 2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలిన వాయుసేన శిక్షణ విమానం పిలాటస్‌లో శిక్షకుడూ ఉన్నారు, ఇద్దరూ మరణించారు. సోలో లేకుండా పైలట్ తయారు కాడు. పైగా పక్కన కూర్చోవడం మీరనుకున్నంత భరోసా కాదు. తప్పును విద్యార్థే దిద్దుకోవాలంటే దాన్ని కొంత దూరం సాగనివ్వాలి. నేల దగ్గరపడుతున్నప్పుడు ఎంతసేపు ఆగాలన్నదే మా వృత్తిలో అతి కష్టమైన నిర్ణయం.

అపోహ: పాత విమానం, అందుకే కూలింది.

సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు ఎగిరేవన్నీ పాతవే. కానీ వయసు ఒక్కటే ఏమీ చెప్పదు. ఎన్ని గంటలు ఎగిరింది, తనిఖీలు సరిగా జరిగాయా అన్నది చూడాలి.

అపోహ: బ్లాక్ బాక్స్ దొరికితే అంతా తెలిసిపోతుంది.

ఇంత చిన్న విమానాల్లో సాధారణంగా అది ఉండదు. ప్రొపెల్లర్ రెక్కలు ఎటు మెలి తిరిగాయో చూసి, నేలను తాకేటప్పుడు ఇంజన్ తిరుగుతోందా లేదా అని అంచనా వేస్తారు. కంట్రోలు తీగలు, రేడియో సంభాషణ, ఆనాటి వాతావరణం పరిశీలిస్తారు. మన దేశంలో ఈ పని చేసే ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) ఎవరినీ దోషిగా తేల్చదు, అది దాని బాధ్యత కాదు. పౌర విమానాల తుది నివేదికలు దాని వెబ్‌సైట్‌లో ఉంటాయి. పిల్లలను ఫ్లయింగ్ స్కూల్లో చేర్చే ముందు అలాంటివి రెండు మూడు చదివి, వాటిపై అక్కడి చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ను ప్రశ్నలు అడగండి.